నేస్తం పూచీ

ఈ వయసులో బుల్లమ్మకి బుద్ధి పెడదారి పట్టిందని పక్కింటి తాతమ్మ వీధి కుళాయి దగ్గర అందట. ఎవరో రాజాం గుంటని ఇంట్లో పెట్టుకుని, ఎండుచేపల తట్టతో పాటు ఆ గుంటని కూడా కొండమీది సంతకి మోసుకుపోతోందట. అక్కడ రెండు రాష్ట్రాలూ ఒకే ఊరిని మాదంటే మాదని తగువులాడుకుంటుంటే, ఆ తగువేమిటో ఈ ఆడపిల్ల రాస్తుందట. రేపు పోలీసులొస్తే బుల్లమ్మ తట్ట కింద దాక్కుంటుందా అని కూడా అందట.

ఎండు నెత్తళ్ళ చేపల్లో ఇసుక చెరుగుకుంటున్న బుల్లమ్మకి ఆ మాటలు మోసుకొచ్చి చెప్పారు. ఆమె చేట ఆపలేదు.

"దాని మొగుడు సముద్రంలోకెళ్ళడం మానీసిన కాడ్నించీ దానికేటీ తోసటం నేదు," అంది.

బుల్లమ్మ పొట్టి మనిషి. బతుకంతా తట్ట మోసిన మెడ భుజాల్లోకి కుంగిపోయింది. నడినెత్తిన అరచేతంత మేర జుట్టు అరిగిపోయి నున్నగా మెరుస్తుంది. పాత చీరముక్క చుట్టి చేసిన చుట్టకుదురు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. వేళ్ళ సందుల్లో ఉప్పు తిన్న పగుళ్ళు. ఆమె వచ్చి వెళ్ళాక కూడా ఎండుచేపల వాసన కాసేపు అక్కడే నిలబడి ఉంటుంది.

శ్రావణి ఆమెకి రైల్లో దొరికింది. రాజాం దగ్గర రైతుబిడ్డ. విశ్వవిద్యాలయంలో చేరి పరిశోధన మొదలుపెట్టింది. సరిహద్దు తగువు ఆ ఊరి ఆడవాళ్ళ మీద ఎలా పడిందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అదే తన విషయం అంది. ఒక్కదానివే వెళ్తే కుక్క కూడా పలకరించదని చెప్పి, బుల్లమ్మ ఆ పిల్లని తన వెంట పెట్టుకుంది.

వెంట పెట్టుకున్నా ఫలం లేకపోయింది. రెండు వారాలు ఆ సంతకి వెళ్ళారు. చేపల కోసం వచ్చిన ప్రతి మనిషినీ శ్రావణి నవ్వుతూ పలకరించి, ఫోను తీసి, "మీ పేరు చెప్పండమ్మా" అని మొదలుపెట్టేది. ఆ ఊళ్ళో పేరడిగినవాడల్లా ఏదో ఒక ప్రభుత్వం మనిషే. ఒకరు రాసుకుంటే రెండోవాళ్ళొచ్చి ఎందుకు రాయించుకున్నావని నిలదీస్తారు. వచ్చినవాళ్ళు చేపలు కూడా కొనకుండా జారుకున్నారు. ఈసారీ అలాగే జరిగితే బుల్లమ్మ ఆ సంతలో తన చోటు వదులుకోవలసిందే.

శ్రావణి సంగతీ అంతే. ఈ సంతలో ఒక్కరైనా నోరు విప్పకపోతే విషయం మార్చుకోమని వాళ్ళ మాస్టారు జగన్నాధం గారు తేల్చేశారు. ఆడపిల్లకి సరిహద్దు గొడవలెందుకమ్మా, మీ బుల్లమ్మ ఎండుచేపల వ్యాపారం మీద రాసుకో, సుఖంగా పట్టా వస్తుంది అన్నారట.

"నా సేపల మీద రాయడానికేటుంది? ఎండుతాయి, అమ్ముతాను," అంది బుల్లమ్మ, చీపురుపల్లిలో రైలెక్కుతూ.

పార్వతీపురంలో దిగి జీపు పట్టుకున్నారు. జీపు ఆగాక సంతకి కొంచెం ఎగువకి నడవాలి. ఎప్పుడూ ఒక్క ఊపున ఎక్కేసే మనిషి ఈవేళ రెండుచోట్ల కూలబడింది. తట్ట నేనెత్తుకుంటాను మామ్మా అని శ్రావణి అంటే, "నీ నెత్తి మీద ఇంకా జుట్టున్నాదే," అని లేచింది.

గోనె పరిచి చేపలు కుప్పలు పోశాక, కొలిచే సోల ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఈవేళ నువ్వేటీ అడక్కు. కొలు."

పొద్దెక్కాక చింతపండు బుట్టతో ఆ ఊరి మనిషొకామె వచ్చింది. పొడుగ్గా, ముక్కుకి మూడు పోగులతో. బుల్లమ్మకి ఆమె నేస్తం, గడిచిన రెండు వారాలూ సంతకి రాలేదు. వయసులో ఉండగా నలుగురి ముందు బట్టలు పెట్టుకుని కట్టుకున్న నేస్తం. ఆ వరసలో ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు. కష్టమొస్తే మాత్రం ఒకరి వెనక ఒకరు నిలబడాలి.

"నేస్తం, ఈ గుంటెవుతె?"

"నాకేటీ కాదు," అంది బుల్లమ్మ. నేస్తం దగ్గర అబద్ధమాడకూడదు. "మీ తగువులో ఆడోళ్ళ పాట్లేటో రాత్తాదట. పెబుత్వం మడిసి కాదు. నాను పూచీ."

నేస్తం శ్రావణిని ఎగాదిగా చూసింది. "ఇటోళ్ళ తరపునా, అటోళ్ళ తరపునా?"

శ్రావణి చెయ్యి సంచిలోని ఫోను మీదికి పోయింది. మళ్ళీ పేరే అడుగుతుంది, అంతా అయిపోయిందనుకుంది బుల్లమ్మ. శ్రావణి ఫోనుని సంచి అడుక్కి తోసేసింది.

"మా మామ్మ మీ పేరు పలకగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పలకని పేరు నాకూ వద్దు. నా రాతలో మీరు నేస్తమే. ఇటూ కాదు, అటూ కాదు."

నేస్తం పొగాకు పళ్ళతో నవ్వి, గోనె మీద చతికిలబడింది. వంకరగా అతుక్కున్న మణికట్టు ముందుకు చాపింది.

"ఇటోళ్ళు బియ్యమిచ్చేరు. అటోళ్ళొచ్చి మూట గెడ్డ నీళ్ళలో పారబోయించేరు. అడ్డమెల్తే సెయ్యిరిసేరు. ఇటు ఆసుపత్రికెల్తే నువ్వు మా మడిసివి కాదన్నారు. అటెల్తే ఆళ్ళూ అదే మాట."

"అలాక్కాదే," అంది వెనక నుంచి ఇంకొకామె. "ముందు సెయ్యిరిసేరు. తరవాతే బియ్యం పారబోసేరు."

"సెయ్యి నాదా నీదా?"

అక్కడికి సంతలో ఆడవాళ్ళందరూ చేరారు. ఎవరి ముక్క వాళ్ళు చెప్పారు, ఒకరి మాట ఒకరు దిద్దారు, తిట్టుకున్నారు, ఒకామె ఏడ్చింది. శ్రావణి ఎవరినీ పేరడగలేదు.

సోల మళ్ళీ బుల్లమ్మ చేతికే వచ్చింది. ఆమె కొలుస్తూ కొలుస్తూ పక్కనున్న ఉల్లిపాయల ధనరాజు వైపు తిరిగింది.

"సూసినావా, మా గుంట."

"నీ మనవరాలేటి?"

"కాదు. డాక్టరవుతాది. మందులిచ్చే డాక్టరు కాదొరే, అంతకన్నా పెద్దది."

ఆ మాట రైలెక్కేలోపు మిరపకాయల వాడికీ, జీపు డ్రైవరుకీ కూడా చెప్పింది.

తిరుగు రైల్లో బుల్లమ్మ ఖాళీ తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని శ్రావణి భుజానికి తల ఆనించింది. "మీ మేష్టారికి సెప్పు. సేపల మీద నానే రాసుకుంతానని," అంది. కాసేపటికి కళ్ళు మూసుకుంది. చీపురుపల్లి వస్తుండగా, "మామ్మా, దిగాలి," అంది శ్రావణి. ఇంకోసారి పిలిచింది. భుజం మీద బరువు అలాగే ఉంది.

మూడోనాడు నేస్తం కొండ దిగి వచ్చింది. సముద్రం ఎప్పుడూ చూడని మనిషి దానివైపు తిరిగైనా చూడకుండా నేరుగా బుల్లమ్మ గుమ్మం ముందు కూర్చుంది. వీధి వీధంతా అక్కడే ఉంది.

తాతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అది పోనాది గదా. మరింక ఆ కొండమీద ఈ రాజాం గుంటకి దిక్కెవరు?"

"ఏటి, మేం సచ్చిపోనామా?" అంది నేస్తం.

గుమ్మం పక్కన బోర్లించిన తట్ట మీద చుట్టకుదురు చుట్ట విడకుండా అలాగే ఉంది, కింది వైపు ఆ నడినెత్తి నొక్కుతో.