ఆ రోజు పేజీ

అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేను తుంచుతున్నాను. గోడబాబాయి గుమ్మం బయట చెప్పులు విడిచి, "అమ్మగారూ, లోపలికి రావచ్చా?" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. "పదకొండేళ్లు అక్కా అన్నావు. ప్రభుత్వం మారగానే అమ్మగారినైపోయానా?"

ఆయన పోలీసు నిఘా విభాగం మనిషి. నాన్న అచ్చాఫీసులో సమ్మె నడిపినప్పటి నుంచీ ఎదురింటి గోడకు ఆనుకుని, మా ఇంటికి ఎవరొచ్చారో ఎవరెళ్లారో రాసుకునేవాడు. చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది నేనే. కునుకు పట్టిన రోజున "అక్కా, బావగారు ఎన్నింటికి బయల్దేరారు?" అని అమ్మనే అడిగేవాడు. తప్పు రాస్తే మాకే ముప్పని అమ్మ చెప్పేది.

నాన్నను జీపెక్కించిన పొద్దున మాత్రం ఆయన మెలకువగానే ఉన్నాడు. అసలు ఏ జీపూ పంపలేదని స్టేషన్‌లో అన్నారు. నాన్న మళ్లీ రాలేదు.

కొత్త ప్రభుత్వం నిఘా విభాగాన్ని ఎత్తేసింది. ఆయనిప్పుడు పౌరసేవా విభాగం. భవనం అదే, బోర్డు మారింది.

"పాత ఫైళ్లన్నీ కాల్చేస్తున్నారక్కా. మైదానంలో, మంత్రిగారి చేతుల మీదుగా. ఇక మీ మీద ఏ మచ్చా ఉండదు. అభ్యంతరం లేదని ఇక్కడొక్క సంతకం పెట్టు."

"మచ్చ మా మీదా?" అమ్మ చేతులు ఆగాయి. "ఆ రోజు పేజీలో ఏం రాశావు?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఇంకో కాయ తుంచాను.

"ఐదూ పది. జీపు. నలుగురు," అన్నాడు చివరికి. "నంబరు కూడా రాశాను."

"అది కాలిపోతే?"

"నేనేం చేసేదక్కా? వీళ్లు మంచివాళ్లు. మర్యాదగా అడగమన్నారు."

"వాళ్లూ మర్యాదగానే తీసుకెళ్లారు. చొక్కా వేసుకోనిచ్చారు."

అమ్మ కాగితం అందుకుని, సంతకం చోట ఖాళీ చాలక అంచు పొడవునా రాసింది. "కాల్చడానికి ఒప్పుకోను. ఆ రోజు పేజీ నకలు నాకివ్వాలి." కింద తన పేరు పెట్టింది.

"ఇది పట్టుకెళ్తే నా ఉద్యోగం పోతుందక్కా!"

"నిన్నెవడు పట్టుకెళ్లమన్నాడు?"

ఒళ్లోని ఈనెలు దులుపుకుని లేచింది. కాగితం సంచిలో పెట్టుకుంది, చెప్పులేసుకుంది. గడప దాటి పౌరసేవా విభాగం వైపు నడిచింది.

అలవాటు కొద్దీ గోడబాబాయి గడియారం చూసుకున్నాడు. ఈసారి ఆ టైము నేను రాసుకున్నాను.