సంచి కూర్చున్న సీటు

సముద్రానికి టికెట్టు లేదు. ఆ మాట మా వెంబెజీ వాడలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. "బస్సు చార్జీ ఒక్కటి పెట్టుకోండి చాలు, డర్బన్‌లో మిగతాదంతా ఊరికే. ఇసుక ఊరికే, అలలు ఊరికే, పిల్లలాడుకునే నీళ్ల తొట్లు ఊరికే, ఒంటి మీది ఉప్పు కడుక్కునే కుళాయిలు కూడా ఊరికే. తిండి ఇంటి నుంచే మోసుకెళ్దాం" అన్నాను. ఏటా కొత్త సంవత్సరం రోజున బస్సు మాట్లాడేది నేనే, ఈ మాఖోజానే కాబట్టి ఎవరు ఎక్కుతారో ఎవరు ఎక్కరో నాకు తెలియకుండా జరగదు. ఈసారి మాత్రం అన్నీ తెలిసి నోరు మూసుకున్నాను.

బయల్దేరడానికి ముందు రోజు పక్కింటి బాజిలె కంచె దగ్గరికొచ్చి గుసగుసగా పిలిచింది.

"అక్కా, మా అత్తయ్య నిన్నడిగితే బస్సు నిండిపోయిందని చెప్పవా?"

బస్సు నిండలేదు. ఆ సంగతి దానికీ తెలుసు.

"అదేం పాడుబుద్ధే! పిన్ని పుట్టి బుద్ధెరిగాక సముద్రం మొహం చూళ్లేదు. డెబ్బై దాటాయి. ఇంకెప్పుడు చూస్తుంది, పైకి పోయాకా?"

"తెలుసక్కా, తిట్టకు." తలకి కట్టుకున్న గుడ్డ అంచుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఒక్క రోజు ఈ గుడ్డ తీసేసి నీళ్లలో మునగాలని ఉంది. జుట్టంతా తడవాలి. ఆవిడ ఒడ్డున కూర్చుంటే ఎలా తియ్యను చెప్పు?"

మాలో కోడలు అత్తమామల ఎదుట తల విప్పదు, భుజం మీది గుడ్డ జారనివ్వదు, వాళ్ల పేర్లు నోటితో పలకదు. దాని మొగుడు జొహానెస్‌బర్గ్‌లో కాపలా ఉద్యోగం చేస్తాడు, పండగపూట అసలే సెలవివ్వరు. పెళ్లయిన నాటి నుంచి అత్తాకోడళ్లు ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు పెద్దలు. నేనూ ఒకప్పుడు కోడలినే, నా తలా గుడ్డ కింద ఉడికిందే. "సరేలే" అన్నాను. సాయంత్రం పిన్ని అడిగితే మొహం పక్కకి తిప్పుకుని "నిండిపోయింది పిన్నీ" అని కూడా అన్నాను.

పిన్ని పేరు తోలాకెలె. మోకాళ్లు వాచి, కర్ర లేనిదే అడుగు పడదు. అయినా తెల్లవారుజామున మమ్మల్ని సాగనంపడానికి బస్సు దాకా నడిచొచ్చింది. చేతిలో రెండు లీటర్ల ఖాళీ సీసా, భుజం మీది గుడ్డ ముడిలో ఒక తెల్ల నాణెం.

"అడగడం ఆలస్యం చేశాను, తప్పు నాదే" అంది కోడలితో. "నువ్వేం బాధపడకు. ఇదుగో, ముందు సముద్రంలో నాణెం వెయ్యి. ఎవరు పంపారో చెప్పు, ఎందుకు రాలేకపోయారో చెప్పు. చెప్పకుండా నీళ్లు తీస్తే దొంగతనం కింద లెక్క. వచ్చే అలలో నింపు, పోయే అలలో కాదు. నా పేరు నువ్వు పలక్కూడదు కాబట్టి అది మనవరాలు తొబిలె చేత చెప్పించు."

"అలాగే అత్తయ్యా" అంది బాజిలె తల వంచుకుని.

"మోకాళ్లకి రాసుకుంటాను, ఇంటి నాలుగు మూలలా చల్లుకుంటాను. నేను రాకపోతేనేం, సముద్రమే మనింటికొస్తుంది." నవ్వింది పిన్ని. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ చెయ్యి కనబడకుండా పోతే బాగుండునని నేను దేవుణ్ణి వేడుకున్నాను.

నా ముందు వరసలో బాజిలె కూర్చుంది. కిటికీ పక్కన ఎనిమిదేళ్ల తొబిలె, తల్లి ఒళ్లో చిన్నాడు ముజి, నడవకి అటు పక్క సీట్లో తిండి సంచి. కోడి ముక్కలు, ఆవిరి మీద ఉడికించిన రొట్టె, మొక్కజొన్న కంకులు, అన్నీ ఆ సంచిలోనే, అది సీటుకి ఆనుకుని దొరసానిలా కూర్చుంది.

"అమ్మా, ఆ సీటెవరిది?" అని అడిగింది తొబిలె.

"సంచిది."

"సంచికి సీటుంది గానీ నాయనమ్మకి లేదా?"

"నోర్మూసుకుని కిటికీలోంచి చూడు."

పిల్ల కిటికీలోంచి చూసింది. తల్లి మాత్రం సంచి వంక చూసింది. కాసేపయ్యాక సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకుంది. సీటు మరీ ఖాళీగా కనిపించిందేమో, మళ్లీ తీసి పైన పెట్టింది. దారి పొడవునా అదే పని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం చూశాను గానీ, ఎవరూ ఏమీ అనకుండానే తడుముకోవడం ఆ రోజే చూశాను.

డర్బన్‌లో దిగేసరికి ఒడ్డంతా జనం. పిల్లలు తప్పిపోకుండా వాళ్ల చేతికి పేరూ ఫోన్ నంబరూ రాసిన పట్టీలు కడుతున్నారు, అది కూడా ఊరికే. తొబిలె తన చెయ్యి చాపింది, తమ్ముడి చెయ్యి చాపించింది. తర్వాత "ఇంకోటి కావాలి" అంది.

"ఇంకో పిల్లెక్కడ?" అంది పట్టీలు రాసే అమ్మాయి.

"పిల్ల కాదు, మా నాయనమ్మ. తోలాకెలె అని రాయండి."

"నాయనమ్మ తప్పిపోతుందా?" అని నవ్వింది ఆ అమ్మాయి.

"మేమే వదిలేసి వచ్చాం" అంది తొబిలె.

ఆ పట్టీని తీసుకెళ్లి ఖాళీ సీసా మెడకి కట్టేసింది. అప్పటి నుంచీ ఎక్కడికెళ్లినా ఆ సీసాని చంకలో పెట్టుకునే తిరిగింది. బాజిలె మొహంలో నెత్తురు చుక్క లేదు.

అయినా సముద్రం సముద్రమే. నీళ్లు పాదాలకి తగలగానే ముజి కెవ్వుమన్నాడు, తర్వాత బయటికి లాగినా రానన్నాడు. ముగ్గురూ కలిసి ఇసుకలో తమ ఇల్లు కట్టారు, కంచె కూడా కట్టారు. సముద్రంలోకి కట్టిన గట్టు చివరి దాకా నడిచి, పలకల మీద అలలెక్కే కుర్రాళ్లు పడినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. పూసల కిరీటాలు పెట్టుకుని రిక్షా లాగేవాళ్లు ఎగిరెగిరి గంతులేస్తుంటే ఎక్కకుండా పక్కన నిలబడి చూశారు. ఇసుకతో సింహాన్ని చెక్కినవాడు పక్కన గిన్నె పెట్టుకున్నాడు, దూరం నుంచి చూసేవాళ్లని ఏమీ అనలేదు. నేను చెప్పానా లేదా, అంతా ఊరికే!

బాజిలె చివరికి తలగుడ్డ విప్పింది. చుట్టూ ఒకసారి చూసుకుని, పరుగెత్తుకెళ్లి ఒక పెద్ద అల కింద మునిగింది. లేచి జుట్టు విదిలించి నవ్వింది. ఏళ్ల తరబడి పక్కింట్లో ఉంటున్నా దాని నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. నాకే కళ్లు చెమర్చాయి. మళ్లీ ఇంకో అల, ఇంకో మునక.

నీళ్లు వెనక్కి తగ్గాక గట్టు పక్క రాళ్ల మధ్య చిన్న చిన్న గుంటలు మిగిలాయి. వాటిలో వేలెడంత చేపలు. పిల్లలు ఆ తలగుడ్డనే చెరో కొసా పట్టుకుని వలలా ముంచారు, పట్టినవాటిని వదిలేశారు, మళ్లీ పట్టారు. అక్కడొక బండ ఉంది, అరుగులా చదునుగా. ఎవరో ముసలామె దాని మీద కూర్చుని కాళ్లు గుంటలో పెట్టుకుంది, మనవలు ఆమె పాదాల చుట్టూ చేపల్ని తరుముతున్నారు. బాజిలె నవ్వుతూ వచ్చి ఆ ముసలామెని చూసి ఆగిపోయింది.

"ఇక్కడ కూర్చోబెట్టొచ్చక్కా" అంది. "నడవక్కర్లేదు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఇక్కడ కూర్చోబెట్టి నేను అటు దూరంగా వెళ్లి మునిగినా సరిపోయేది. ఈ ఆలోచన నాకెందుకు రాలేదక్కా?"

నాకు మాత్రం వచ్చిందా? కంకి ఒలుచుకున్నాను.

బస్సు వేళయింది. నేను నా సీసాలు నింపుకున్నాను. నా కోసం నేనే వచ్చాను, సంజాయిషీ చెప్పుకునే పని లేదు. బాజిలె పిల్లతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. తొబిలె ఒక చేతిలో నాణెం, ఇంకో చేతిలో సీసా పట్టుకుని, బళ్లో పద్యం చెప్పినట్టు మొదలెట్టింది.

"సముద్రమా, నేను తొబిలెని. మా నాయనమ్మ తోలాకెలె నన్ను పంపింది. ఆమె ఎందుకు రాలేదంటే, బస్సులో సీటు..." అని ఆగింది. "అమ్మా, ఇప్పుడేం చెప్పాలి?"

"అదే, సీటు లేదని చెప్పు."

"ఉంది కదా. సంచి కూర్చుంది కదా."

"మోకాళ్ల నొప్పులని చెప్పవే తల్లీ" అని ఒడ్డు నుంచి నేను కేకేశాను.

"నొప్పులతోటే బస్సు దాకా నడిచొచ్చిందిగా పెద్దమ్మా! సముద్రంతో అబద్ధం చెబితే కాళ్లు పట్టి లాగేస్తుందని నాయనమ్మ చెప్పింది." పిల్ల తల్లికి ఆనుకుంది. "అమ్మా, నువ్వు చెప్పు."

బాజిలె నోరు తెరిచింది. అల వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. చుట్టూ ఎంతమంది నాణేలు విసురుతున్నారో, సీసాలు నింపుకుంటున్నారో! బాజిలె పిల్ల చేతిలో నాణెం తీసుకుని, పిల్లని ఎత్తుకుని, బయటికొచ్చేసింది.

"ఏం పనే ఇది! ఒట్టి సీసాతో వెళ్తావా? ఇదుగో, నా సీసా ఒకటి పట్టుకుపో" అన్నాను.

"అది నీ పేరు మీద వచ్చిన నీళ్లక్కా."

"పోనీ దారిలో కుళాయి నీళ్లలో ఇంత ఉప్పేసి..."

"అక్కా!" అని అరిచింది. "ఒక్క అబద్ధాన్నే మొయ్యలేక చస్తున్నాను. రెండోది కూడా ఎత్తుతావా నా నెత్తిన?"

నా సీసా నేను వెనక్కి తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆ సీట్లో సంచి లేదు. తొబిలె ఖాళీ సీసాని కూర్చోబెట్టింది. పేరు పట్టీ బస్సు కుదుపులకి ఊగుతూ వచ్చింది. తడి బట్టలన్నీ కుక్కిన ప్లాస్టిక్ సంచి ఎండ తగిలే కిటికీ పక్కన, బాజిలె ఒళ్లో ఉంది. బాజిలె తల కప్పుకోలేదు, కప్పుకునే గుడ్డ ఆ మూటలోనే ఉంది.

మేం దిగేసరికి ఇంకా పొద్దు ఉంది. పిన్ని గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఇంటి నాలుగు మూలలూ ఊడ్చి పెట్టింది, పక్కన కడిగి బోర్లించిన గిన్నె. కంచె ఇవతల నా సీసాలు దించుతున్నట్టు నటిస్తూ నేను నిలబడిపోయాను.

బాజిలె ఖాళీ సీసా, నాణెం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టి, నేల మీద మోకరించింది.

"అత్తయ్యా, బస్సులో సీటుంది. వచ్చేటప్పుడూ ఉంది, పోయేటప్పుడూ ఉంది. నేనే లేదని చెప్పాను. సముద్రం దగ్గర ఆ మాట చెప్పలేకపోయాను, అందుకే నీళ్లు తేలేదు."

ఇక నావల్ల కాలేదు. "నేనూ చెప్పాను పిన్నీ, నిండిపోయిందని" అన్నాను కంచె మీంచి.

పిన్ని నా వైపు తిరగలేదు. కోడలి తల వైపే చూస్తోంది. ఉప్పు పట్టి, ఎండి, అట్టలు కట్టిన జుట్టు. బాజిలె ఉలిక్కిపడి రెండు చేతులతో తల కప్పుకుంది.

"దీని కోసమా?" అంది పిన్ని.

బాజిలె తలాడించింది. ఏడుపొస్తోంది గానీ ఏడవడానికి కూడా దానికి మొహం చెల్లలేదు.

"అడిగితే నేను అటు తిరిగి కూర్చునేదాన్ని" అంది పిన్ని. "నాకూ అత్త ఉండేదే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే మా వాడలో అలవాటే.

ముజి మాత్రం తడి బట్టల మూట విప్పి తలగుడ్డ బయటికి లాగాడు. "నాయనమ్మా, దీంతో చేపలు పట్టాం!" అని దాన్ని ఆవిడ ఒళ్లో పడేశాడు. ఇంకా నీళ్లోడుతోంది, మడతల్లో ఇసుక. పిన్ని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఒక కొస నాలిక్కి తగిలించి, ఉప్పదనానికి మొహం చిట్లించింది. తర్వాత చెప్పులు విడిచి, కాళ్లు చాపి, ఆ గుడ్డని పాదాల మీద గట్టిగా పిండింది. నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే.

వాటినే చూస్తూ కూర్చుంది. కాసేపటికి కోడలి వైపు తల తిప్పింది.

"సముద్రం చల్లగా ఉంటుందన్నారే అందరూ. ఇంత వేడిగా ఉంటుందా?"

ఆ మూట దారి పొడవునా బస్సు కిటికీ ఎండలో ఉడికింది. బాజిలె ఆవిడ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని, వాటి మీద తల పెట్టేసింది.

"లేదత్తయ్యా" అంది. "చల్లగానే ఉంటుంది. చాలా చల్లగా ఉంటుంది."