కాయ చెట్టు మీద ఉండగా

ఇంగ్లీషువాడికి ఎంత ధైర్యమో అని నేను మొదటిసారి ఆశ్చర్యపోయింది 1958 మాఘమాసంలో, మా మిరప కల్లంలో. రేపు జరగబోయేదాన్ని 'విల్' అని ఒక్క మాటతో తేల్చేస్తాడు. వాన వస్తుందో రాదో తెలియదు, అయినా విల్. బండి ఊరు చేరుతుందో ఇరుసు విరుగుతుందో తెలియదు, అయినా విల్.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ గట్టెక్కానే గాని ఇంగ్లీషులో నోరు పెగిలేది కాదు. గ్రామసేవికల కోసం గుంటూరులో ఇంటర్వ్యూ పెడుతున్నారని తెలిసి అర్జీ పెట్టాను. మా తాలూకాకు ఒక్కటే ఖాళీ. ప్రత్తిపాడు దాటి నేను చూసింది గుంటూరు ఒక్కటే. ఆ ఉద్యోగం వస్తే ఊరూరూ తిరగొచ్చు, ఎవరింట్లో పొయ్యి ఎలా ఉందో, ఎవరు ఏం వండుతున్నారో చూడొచ్చు. నాకు అదో పిచ్చి. మా నాన్న రోశయ్య మాత్రం ముందే చెప్పేశాడు.

"ఒక్కసారి చూసుకో మల్లేశ్వరీ. రాకపోతే మళ్ళీ ఆ మాటెత్తమాక."

మిషను బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న యేసుపాదం మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేవారు. తాలుకాయలు ఏరే పని ఆపడానికి లేదు కాబట్టి చదువూ కల్లంలోనే. ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలును ఏరి పక్కన పడేస్తూ నేను కాలాలు అప్పజెప్పేదాన్ని. మాస్టారు మూలనున్న బస్తాలు చూపించి "వియ్ పిక్డ్" అనేవారు. ఎండుతున్నవాటి మీద చెయ్యి ఆడించి "దే ఆర్ డ్రైయింగ్" అనేవారు. నాకు తమాషాగా ఉండేది. మనకు రోజూ పోయినా 'పోతాను', రేపు పోయినా 'పోతాను'. వాళ్ళకు దేని అర దానిదే. ఎందుకలా అని అడిగితే ఆయన కసిరేవారు.

"అడుగుతా కూర్చుంటే ఇంటర్వ్యూ కాస్తా అయిపోద్ది. అనమ్మాయ్, అను!"

మూడోవారం ఆయన చేనువైపు చెయ్యి చాపారు. చివరి కోత ఇంకా చెట్ల మీదే ఉంది.

"హౌ మెనీ బ్యాగ్స్ విల్ యు గెట్? అంటే, మొత్తం ఎన్ని బస్తాలవుతాయి అని."

నా పక్కనే కాయలు ఏరుతున్న నాయనమ్మ నాంచారమ్మ చేతిలోవి కింద పడేసింది.

"ఏమండీ మాస్టరుగారూ, చదువుకున్నోరు మీరు! కాయ చెట్టు మీదుండగా ఆ మాటేంటండీ?"

"పాఠమమ్మా. నిజం లెక్క కాదు."

"నోటితో అన్నాక పాఠమేంటి, నిజమేంటి?"

మా ఇంట్లో అంతే. పంట బండికెక్కేదాకా ఎన్ని బస్తాలని ఎవరూ అనరు. ఎక్కించేటప్పుడు కూడా మొదటి బస్తాను 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ తర్వాతిది రెండు. ఒక ఏడాది మా తాత, కాయ కోయకముందే షావుకారు దగ్గర ముప్పై బస్తాలని గొప్పగా చెప్పాడట. నాలుగో రోజున వడగళ్ళవాన. ఆ ఏడు తాగిన జొన్నగంజి గురించి నాయనమ్మ చెప్పని రోజు లేదు. ఆవిడ చాదస్తానికి నాకు ఒళ్ళు మండేది. పాపం మాస్టారు 'విల్' పాఠమంతా కల్లం దాటాక, దారిలో నడుస్తూ చెప్పాల్సి వచ్చింది.

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు. కళ్ళద్దాల ఆవిడ ఒకరు, పక్కన కలం పట్టుకున్న ఆయన ఒకరు. పేరు, చదువు అయ్యాయి. ప్రత్తిపాడనగానే ఆవిడ నవ్వి, మిరప పండిస్తారా అని అడిగారు. యెస్ మేడమ్ అన్నాను.

"హౌ మెనీ బ్యాగ్స్ విల్ యు గెట్ దిస్ ఇయర్?"

మాస్టారు నేర్పిన ప్రశ్నే, అక్షరం పొల్లుపోకుండా. జవాబు నాలుక చివరే ఉంది. పాతికో ముప్పయ్యో అనేస్తే ఎవరొచ్చి లెక్కపెడతారు? కానీ ఇంటి దగ్గర చెట్ల మీద ఎర్రగా వేలాడుతున్న కాయ కళ్ళ ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించిన చాదస్తమే ఆ మాటకు అడ్డం పడింది. నిజంగా భయం వేసింది.

"షి డజ్ నాట్ ఫాలో," అని పక్కాయన కలం మూయబోయాడు.

అంతే, నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఐ ఫాలో, సర్!" అన్నాను. ఇక ఆగలేదు. మా తాత ముప్పై అన్నాడని చెప్పాను. వడగళ్ళకు ఇంగ్లీషు మాట తెలియక "ఐస్ స్టోన్స్ ఫెల్" అన్నాను. సగం కాయ బస్తాల్లో ఉంది, కొంత ఎండుతోంది, మిగతాది చెట్టు మీద ఉంది, దాని మాట నేను అనను, మా నాయనమ్మ కల్లంలోనే కూర్చుని ఉంది అన్నాను. తప్పులు ఎన్ని దొర్లాయో దేవుడికెరుక.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, మరి ఎప్పుడు చెబుతావని అడిగారు.

"వెన్ బ్యాగ్స్ ఆర్ ఆన్ ద కార్ట్, ఐ విల్ రైట్ టు యు."

అన్నాక గాని నాకే తెలియలేదు, విల్ అన్నానని. ఈసారి భయం వెయ్యలేదు. చెట్టు మీది కాయ నా చేతిలో లేదు గాని, కార్డు ముక్క రాయడం నా చేతిలో పనే.

ఇంటికి రాగానే నాన్న, ఉద్యోగం వస్తుందా అని అడిగాడు. కాగితం రానియ్ నాన్నా అన్నాను. నాయనమ్మ నా వైపు చూసి అన్నం పెట్టింది. ఆ నెలరోజులు నేను పడ్డ ఆరాటం పగవాళ్ళకు వద్దు.

బస్తాలు బండికెత్తే రోజున పోస్టుమాన్ కల్లంలోకే వచ్చాడు. నిలబడ్డచోటే కవరు చింపి చదివాను.

"ఏమంటందే?" అంది నాయనమ్మ.

"తీసుకున్నారంట!"

"తీసుకుంటామనా, తీసుకున్నామనా? సరిగ్గా చూడు."

"తీసుకున్నామనే నాయనమ్మా!"

ఆవిడ కాగితం నా చేతిలోంచి లాక్కుని కళ్ళకద్దుకుంది. తిన్నగా బండి దగ్గరకు వెళ్ళి, పరిచిన వరిగడ్డి మీద దాన్ని పెట్టి, కల్లమంతా వినపడేలా "లాభం!" అంది.

నాన్న మొదటి బస్తా భుజానికెత్తుకుని బండిలో వేస్తూ "రెండు" అన్నాడు.

ఆ సాయంత్రమే కళ్ళద్దాల మేడమ్‌గారికి కార్డు రాశాను, ఇరవై నాలుగు బస్తాలని. మా నాన్న మాత్రం బతికున్నన్నాళ్ళూ ఎవరడిగినా ఆ ఏడు ఇరవై అయిదనే చెప్పేవాడు.