మూడో గదిలో గింజలు

పొద్దున్న ఏడింటికల్లా నజారియా చీపురూ చేటా పట్టుకుని ఒకటో గది నుంచి మొదలుపెడుతుంది. ఆక్స్‌నార్డ్‌లోని ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగం మంది మెక్సికో నుంచి వచ్చి స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసేవాళ్ళే. గదుల్లో వాళ్ళ బూట్ల మట్టి కొంత ఉంటుంది, దూది ముక్కలు కొంత. మిగతావన్నీ మొక్కజొన్న గింజలు.

రోగి డాక్టరుకి చెప్పుకోవాలనుకున్నదాంట్లో ఏది చేరకపోతే అది గింజై కుర్చీ కింద రాలుతుంది. తర్వాతెప్పుడైనా ఆ మాట చేరితే గింజ ఉన్నచోటే మాయమవుతుంది కానీ, అలా జరగడం తక్కువ. ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కుర్చీ కిందా ఒకటీ అరా కనిపిస్తాయి. కోడలో మరిదో దుభాషిగా వచ్చినచోట గుప్పెడుంటాయి. ఎవరూ దాన్ని వింతగా చూడరు. కాలు జారుతుంది జాగ్రత్త అని ఆసుపత్రివాళ్ళు గోడకో కాగితం అంటించారు, అంతే. మొదట్లో నజారియా కాసిని ఇంటికి పట్టుకెళ్ళి, తమ ఊళ్ళో చేసినట్టే సున్నం వేసి, రొట్టెల పిండికని ఉడకబెట్టింది. మూడు గంటలు ఉడికినా గులకరాళ్ళలాగే ఉన్నాయి. అప్పటినుంచి చెత్తబుట్టలోకే.

ఆమెకి నలభై ఆరేళ్ళు. ఏప్రన్ కింద మెళ్ళో కొత్త బ్యాడ్జీ వేలాడుతుంటుంది. నలభై గంటల తరగతులకి వెళ్ళి, రెండు పరీక్షలు రాసి, తమ కొండల్లో మాట్లాడే మిష్టెకో భాషకి దుభాషి అనిపించుకుని మూడు వారాలైంది. ఇంతవరకూ ఒక్కరూ పిలవలేదు. ఏదీ కలపకూడదు, ఏదీ వదలకూడదు, తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఆ మూడూ నేల తుడుస్తూ మననం చేసుకోవడమే ఆమె చేస్తున్న దుభాషి పని.

ఆ మంగళవారం మూడో గదిలో ఒదిలియా అనే మనిషి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. గర్భసంచిలో గడ్డ, నాలుగు నెలలుగా ఆగని రక్తం. పదకొండింటికి ఆపరేషను. డాక్టర్ విట్కోంబ్ కాగితాల మీద సంతకం పెట్టించడానికొచ్చాడు. ఫైల్లో మెక్సికో అని ఉంది కాబట్టి చక్రాల స్టాండు మీద వీడియో తెర తోసుకొచ్చి, అందులో స్పానిష్ దుభాషిని కలిపారు. స్పానిష్ అంతగా రాని ఒదిలియా అన్నిటికీ "సీ", అంటే అవును, అంది. తన కోసం అంత శ్రమ పడుతున్న పెద్దమనిషి ముఖం మీద అర్థం కాలేదని అనడం వాళ్ళ కొండల్లో మర్యాద కాదు. సంతకం ఒక్కటే మిగిలిందనగా డాక్టరుకి ఫోనొచ్చి బయటికెళ్ళాడు.

ఊడవడానికి లోపలికెళ్ళిన నజారియా ఆ కుర్చీ కిందనించి ఒక చేట నిండా ఎత్తింది. ఎత్తి, చెత్తబుట్ట దాటి వెళ్ళి, నర్సు మారివిక్ బల్ల మీద పెట్టింది.

"దీన్నిక్కడెందుకు పెట్టావు తల్లీ, నేను అన్నం తినే చోటు" అంది మారివిక్.

"మూడో గదివి. అన్నీ ఒక్క మనిషివే."

మారివిక్ చేటలోకి చూసింది. "ఆవిడకి దుభాషిని పెట్టాంగా. అన్నిటికీ అవునంది."

"నేనూ అనేదాన్ని. వచ్చిన కొత్తలో బస్సు డ్రైవరు ఏదో అడిగితే అవునన్నాను. నా ఊరు దాటి మరో రెండు ఊళ్ళు తిప్పాడు."

"మరి ఆ బ్యాడ్జీ దేనికి, నగలాగా వేసుకు తిరగడానికా? ఏప్రన్ విప్పి పద."

చేట పట్టుకుని మారివిక్ ముందు నడిచింది. సంగతి విని డాక్టరు సరేనన్నాడు. నజారియా తరగతిలో నేర్పినట్టే ముందు తనెవరో చెప్పి, "ఏ ఊరు చెల్లీ మీది?" అని అడిగింది.

ఒదిలియా అప్పుడు తలెత్తింది. గడగడా మాట్లాడింది. ఊరి పేరు నజారియాకి తెలిసింది. అది తమ కొండకి అవతలిపక్క, రెండురోజుల నడక దూరం. మిగతాదాంట్లో సగమే తెలిసింది. పేరుకి ఇద్దరి భాషా మిష్టెకోయే. రక్తం, తోట, నొప్పి అర్థమవుతున్నాయి; నడుమనున్నవి ఊహించుకోవచ్చు. మొదటి వాక్యం ఊహించి చెప్పింది. నేల మీద టక్కున ఒక గింజ పడింది. రెండోది చెప్పింది. ఇంకొకటి పడింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "దాదాపు సరిపోతోందిగా, కానివ్వండి."

మూడు వారాలు ఎదురుచూసిన పని. నజారియా నేల మీది రెండు గింజలకేసి చూసింది.

"సరిపోదు డాక్టరుగారూ. ఈమెకి నేను పనికిరాను. సాంత మరీయా ఊళ్ళో బ్రిహిదా అనే ఆవిడుంది, కొండకి అటుపక్క మనిషి. ఆవిడకి ఫోను చేయించండి."

చేసేదేమీ లేక చీపురు అందుకుంది. ఒదిలియా ఆమె చెయ్యి వదల్లేదు కాబట్టి గదిలోనే నిలబడిపోయింది.

ఫోనులో బ్రిహిదా గొంతు వినగానే ఒదిలియా నిటారుగా కూర్చుంది. తోట సాళ్ళలో కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి, అత్తగారు కాచి ఇచ్చిన ఆకుల కషాయం, అన్నీ చెప్పింది. ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి వెళ్తుంటే చేటలో గింజలు తరుగుతూ వచ్చాయి. గర్భసంచి తీసేస్తామని డాక్టరు చెప్పాడు. అది విని ఒదిలియా, మీరు చదువుకున్నవారు, మీకు ఏది మంచిదనిపిస్తే అది, అంది. బ్రిహిదా ఉన్నదున్నట్టు చేరవేసింది. డాక్టరు కలం ఇచ్చాడు. ఒదిలియా తీసుకుంది.

నజారియా చేటలోకి చూసింది. ఎర్రది, ఒకటి మిగిలి ఉంది.

ఆ గదిలో ఇప్పుడామె దుభాషి కాదు. ఊడ్చే మనిషి, డాక్టరు మాట్లాడుతుండగా నోరు తెరవకూడదు.

"డాక్టరుగారూ, చేటలో ఇంకొకటుంది" అంది.

ఆపరేషను థియేటరు నుంచి అప్పటికే రెండుసార్లు కబురొచ్చింది. డాక్టరు గింజకేసి చూసి, స్టూలు లాక్కుని, ఆ పొద్దున మొదటిసారి కూర్చున్నాడు. ఇంకేదైనా చెప్పాలని ఉందేమో అడగమన్నాడు.

ఒదిలియా కలాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నేలకేసి చూస్తూ నాలుగు మాటలంది. ఫోనులో బ్రిహిదా, దుభాషుల పద్ధతి ప్రకారం, అవి తన మాటలే అయినట్టు చెప్పింది:

"నాకు పిల్లలు లేరు. సంచి తీసేస్తే ఇక పుట్టరు. గడ్డ ఒక్కటే తీస్తారనుకుని వచ్చాను. ఇంత సాయం చేసే మనిషికి వద్దని ఎలా చెప్పను?"

చేట ఖాళీ అయింది.

"గడ్డ ఒక్కటే తీయొచ్చు" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "రక్తం ఎక్కువ పోతుంది. గడ్డ మళ్ళీ రావచ్చు కూడా. ఇక పిల్లలు వద్దంటారా అని మొదటి రోజే అడిగాను. అవునన్నారు."

"ఆ రోజూ అన్నిటికీ అవుననే అన్నారు లెండి" అంది మారివిక్.

ఒదిలియా మూడు ప్రశ్నలు అడిగింది, మూడింటికీ జవాబులు విన్నది. కింద ఏమీ పడలేదు. పాత కాగితం చింపేశారు. కొత్త కాగితం మీద గడ్డ ఒక్కటే అని రాసి, పై శుక్రవారానికి తేదీ వేశారు. ఈసారి సంతకం పెట్టే ముందు మొత్తం మళ్ళీ చెప్పించుకుంది.

బయటికొచ్చాక మారివిక్ ఊరుకోలేదు. "పనికిరానని చెప్పడానికేనా నలభై గంటలు చదివావు?"

"అది రెండోరోజే నేర్పారు. మిగతా రోజులన్నీ పదాలు."

నజారియా వెనక్కెళ్ళి మూడో గది ఊడ్చింది. కుర్చీ కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఇందాక తను నిలబడ్డచోట వంగి చూసింది. అక్కడ రాలిన ఆ రెండు గింజలూ లేవు.

నాలుగో గదిలో ఒక ముసలాయన తరఫున ఆయన అల్లుడు గట్టిగా మాట్లాడుతున్నాడు. తలుపు సందులోంచి గింజలు నడవాలోకి దొర్లి వస్తున్నాయి. ఏప్రన్ మారివిక్ కుర్చీ మీదే ఉండిపోయింది. నజారియా చీపురు గోడకి ఆనించి, బ్యాడ్జీ తిన్నగా చేసుకుని, తలుపు తట్టింది.

"పెద్దయ్యా, ఏ ఊరు మీది?" అని అడిగింది.