వాడ బావిలో వెలిగారం

ఇంత కంపులో ఈ జనం ఎట్లా నవ్వుతున్నారో, ఛీ, యుద్ధకాలం గనక పెట్రోలు లేదు, బస్సు బొగ్గుతో నడుస్తున్నదని ఎంత సర్దిచెప్పుకున్నా స్వామిదాసుకు ఆ పొగ పడడం లేదు, ముందు కూర్చున్నవాడు ఉమ్మిన పాన్ కిటికీ చువ్వ మీద ఇంకా ఆరలేదు, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే అందులోనూ ప్రయోగశాల వాసనే, ఏ సబ్బుకూ లొంగని వాసన, తోటివాళ్లు రంగుల మీదా నూనెల మీదా పరిశోధన చేసి హాయిగా నౌకరీల్లో కుదురుకున్నారు, తాను మాత్రం కంసాలి కొలిమి దగ్గర దొరికే వెలిగారం పట్టుకుని వేలాడాడు, వెలిగారంలో ఉండే ఆ బోరాన్‌తోనే కాపురం, మహా గడుసు మూలకం అది, చాలకపోతే మొక్క చిగురు చస్తుంది, రవ్వంత ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి, ఆ మాడిన ఆకులు పట్టుకునే చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా బావి బావికీ తిరిగి సీసాల్లో నీళ్లు మోసుకొచ్చాడు, ఏదో ఒక బావిలో దొరకాలి, దొరికితేనే థీసిస్, థీసిస్ ఉంటేనే పేరు ముందు డాక్టరు, దొరికింది కూడా, ఎక్కడో కాదు, సొంత ఊరు సురంగల్‌లో, తాను పుట్టిన వాడ బావిలోనే, ఆ రోజు ఎంత మురిసిపోయాడు, థూ.

నిన్న ఏం పోయేకాలమొచ్చి ఆవిరి పట్టి దించిన ఉత్త నీళ్లను ఆ కొత్త గాజు కుప్పెలో పోసి, క్షారం వేసి, బావి నీళ్లను మరిగించినట్టే మరిగించాడో గానీ, ఏమీ ఉండకూడని నీళ్లలో అంతే బోరాన్ తేలింది, బావి ఇచ్చింది కాదు అది, గాజు ఇచ్చింది, విదేశాల నుంచి వచ్చిన గట్టి గాజు, పొయ్యి మీద పెట్టినా పగలదని అందరూ మెచ్చుకున్న గాజు, పగలకుండా ఉండడానికి అందులో కలిపేదే బోరాన్, ఆ సంగతి మొదటి సంవత్సరం చదివే పిల్లలకే తాను పాఠం చెప్పాడు, బోరాన్ కలవని వెండి గిన్నె ప్రయోగశాలలో ఒక్కటే ఉన్నదని, దానికోసం వంతు కాయాలని విసుగు పుట్టి సురంగల్ సీసాలు వచ్చేసరికి గాజులోకి మారాడు, బోరాన్ కోసం వెతికేవాడు బోరాన్ గాజులో నీళ్లు మరిగించాడంటే ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉన్నదా, పరుగెత్తుకుంటూ పోయి చెప్తే ప్రొఫెసర్ సాబ్ చాయ్ సాసర్లో పోసుకుని జుర్రుకుంటూ విన్నాడు, ఆ జుర్రుడు ఇప్పటికీ చెవిలో జిగటగా ఉన్నది, చూడు స్వామిదాస్, పేపర్ లండన్ పోయింది, వచ్చే నెల నీకు డిగ్రీ వస్తది, ఇప్పుడు గాజు సంగతి ఎత్తితే నువ్వు మునుగుతవ్, నీతో పాటు నేను, ఒక్క బావే గద, జానే దో అన్నాడు, తాను ఏమన్నాడు, జీ సాబ్ అన్నాడు, అని మళ్లీ తెల్లారగానే ఈ బస్సెందుకు ఎక్కాడో తనకే తెలియదు, చెప్తే డిగ్రీ పోతుంది, చెప్పకపోతే బావి అట్లాగే పోతుంది.

బావి ఇప్పటికే మూసేశారు, బోరాన్ తేలిన మాట చేవెళ్ల తాలూకా కచేరీ దాకా పోవడానికి ఎంతసేపు, డప్పు కొట్టించి నీళ్లల్ల ఇషమున్నదని చాటించి ముళ్లకంపతో పూడ్చారు, పోయిన నెల అమ్మ పెంటమ్మ పట్నం వచ్చినప్పుడు కొత్త చొక్కా గుండీలు నిమురుతూ అడగనే అడిగింది, నీకు నోట్ల పూత లేసినప్పుడు వెలిగారం పొంగిచ్చి తేనెల రంగరిచ్చి నేనే పెట్టిన బిడ్డా, గది ఇషమెట్లయితది, అవ్వా నీకు అర్థం కాదులే అని కసిరాడు, తలుచుకుంటే ఆ నోరు ఇప్పుడు చేదుగా ఉన్నది, మొయినాబాద్‌లో బస్సు దిగగానే గోడ వారకు పోయి భళ్లున కక్కుకున్నాడు, పొగ వల్లే అనుకున్నాడు, సురంగల్ బాట పట్టి నడుస్తుంటే గాలి బాగానే ఉన్నా వికారం మాత్రం దిగలేదు.

పటేలు బావి దగ్గర వాడ ఆడవాళ్లు గట్టుకు దూరంగా బిందెలు పెట్టుకుని నిలబడ్డారు, గట్టు ముట్టకూడదు, చేద ముట్టకూడదు, పటేలు జీతగాడు నర్సింహులుకు తీరిక దొరికినప్పుడు పైనుంచి ధారగా పోస్తాడు, బిందెకు చేద తగలకుండా, సగం నీళ్లు మట్టిపాలు, వాళ్లలో అమ్మ కూడా ఉన్నది, ఎండకు కొంగు నెత్తిన వేసుకుని, కొడుకును చూడగానే ఆ ముఖం వెలిగిపోయింది, పక్కనున్న సుక్కమ్మను మోచేత్తో పొడిచి, మా స్వామిదాసు, పెద్ద సదువు, ఈయన ఒక్క మాటంటేనే సర్కారోళ్లు ఉరికొచ్చి మన బావి మూసిండ్రు అని గొప్పగా చెప్పుకున్నది, నేల చీలి మింగితే బాగుండుననిపించింది, నర్సింహులు చేద వంచాడు, నీళ్లు తెల్లగా మెరిశాయి, ఈ నీళ్లు కూడా తాను పరీక్షించినవే, అవును, ఇవీ ఆ గాజులోనే మరిగాయి, వీటిలోనూ మొదట అంతే బోరాన్ తేలింది, పటేలు బావిలో ఇదేమిటి, చెయ్యి తప్పి ఉంటుందని వెంటనే అనుకున్నాడు, వెండి గిన్నె వంతు కోసం పొద్దంతా కాచుకుని మళ్లీ మరిగించాడు, ఏమీ రాకపోయేసరికి హమ్మయ్య అనుకున్నాడు, వాడ నీళ్లకు మాత్రం చెయ్యి తప్పి ఉంటుందన్న అనుమానమే రాలేదు, మళ్లీ మరిగించాలని తోచలేదు, ఆ నీళ్లే తాగి ఇంతవాడైనా తోచలేదు, అవ్వా, మన బావిల ఏం లేదే అన్నాడు, మళ్లీ అన్నాడు, ఏం లేదే, నాదే తప్పు, అమ్మ అర్థంకాక చూస్తున్నది, పటేలూ ప్రొఫెసరూ కచేరీ వాళ్లూ ఎవరూ ఆ నీళ్లు చెడ్డవని చెప్పమనలేదు, వాడ నీళ్లంటే పాడు నీళ్లే అయి ఉంటాయని అందరికంటే ముందు నమ్మినవాడు తానే.