వదిన కొలతల కోటు

మా వదిన దృష్టిలో నాకున్నది కీళ్లవాతం కాదు, బద్ధకం. వదినంటే మా ఆయన అక్క. కుట్టు దుకాణం ఆవిడదే, అందులో రెండో మిషను నాది. పొద్దున్నే నా వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోతాయి, సూదిలో దారం కూడా ఎక్కించలేను. మధ్యాహ్నానికి కాస్త వదులై చకచకా కుట్టేస్తాను. అదే నా కొంప ముంచింది.

"పొద్దున ఉన్న నొప్పి మధ్యాహ్నానికి ఎక్కడికి పోతుందమ్మా? పని చూసి పుట్టే నొప్పా?" అనేది, బట్టలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే. చివరికి, "ఇలాగైతే నీ మిషను మీద ఇంకొకరిని కూర్చోబెడతాను" అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది. ఆ మిషను తప్ప నాకు ఇంకో విద్య లేదు.

అప్పుడే ఆస్పత్రిలో ఓ ప్రదర్శన పెట్టారు. ఏళ్ల తరబడి జబ్బుతో కాపురం చేస్తున్నవాళ్లం అదెలా ఉంటుందో జనానికి చూపించాలి. మిగతావాళ్లు తలా ఒక బొమ్మ గీశారు. నేను పిల్లిని గీస్తే దాన్ని చూసి ఎలుక కూడా నవ్వుతుంది. అందుకని కోటు కుట్టాను. మోచెయ్యి వంగకుండా కోటు చేతుల్లోపల, కాలర్లకు వేసే గట్టి గుడ్డ పొరలుపొరలుగా వేశాను. భుజాల్లో ఇసుక, చేతుల చివర దూది కూరిన తొడుగులు. కాజాలు కావాలనే ఇరుకుగా తీశాను. "తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, మంచినీళ్లు తాగండి" అని అట్ట మీద రాసి పెట్టాను.

పరువు పోయింది. డాక్టరుగారు పొడుగు మనిషి. కోటు చేతుల్లో ఆయన చేతులు పట్టనే లేదు, శాలువాలా భుజాల మీద కప్పుకున్నారు. హాయిగా నీళ్లు తాగేసి, "చాలా బాగుందమ్మా, వెచ్చగా ఉంది" అన్నారు. బక్కపల్చని నర్సమ్మ అందులో గిర్రున తిరిగింది. టేపు పెట్టి చూసి నాలుక్కరుచుకున్నాను. ఇన్నేళ్లూ వదిన బట్టలన్నీ కుట్టిన చెయ్యి, అలవాటు కొద్దీ ఆవిడ కొలతలే కత్తిరించింది!

సాయంత్రం ఆవిడే వచ్చింది. "ఇదేనా నీ ఘనకార్యం?" అంటూ తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది. గుండీతో కుస్తీ పట్టి ఒకటి పెట్టింది, అదీ పక్క కాజాలో. గ్లాసు ఎత్తితే నీళ్లన్నీ మెడలోకి పోయాయి.

"ముక్కు దురదే! కాస్త గోకవే!"

"మధ్యాహ్నానికి తగ్గిపోతుందిలెండి వదినా" అన్నాను. హాలంతా గొల్లుమంది. నా కడుపు చల్లబడింది.

విప్పబోతే గుండీ రాలేదు. లాగి లాగి అలిసిపోయి నా వైపు చూసింది.

"పొద్దున్నే జడ ఎలా వేసుకుంటున్నావే?"

"మీ తమ్ముడు వేస్తారు."

"వాడా? వాడికేం వచ్చు?"

"వంకరగా వేస్తారు. అలాగే వస్తున్నాను."

ఆవిడ నవ్వలేదు. గుండీ నేనే విప్పాను.

మర్నాడు బాగా పొద్దెక్కేదాకా వదిన దుకాణం తలుపు తియ్యలేదు. బయట బట్టల కోసం వచ్చిన ఒకాయన చిందులు తొక్కుతున్నాడు.

"ఇదేం వేళండీ తెరవడానికి?"

"ఇకనుంచి ఇంతే. పెందలాడే లేవాలంటే నాకు మహా బద్ధకం" అంది వదిన, నా వైపు చూడకుండా.

కోడి కన్నా ముందే లేచే మనిషి ఆవిడ. నాకు ఏడుపు ఆగలేదు.