వచ్చేటప్పుడు మాత్రమే

చల్లారిన ఇంజను మీద పాత బనీను గుడ్డ వేసి, రేడియేటరు మూత తిప్పి, మేస్త్రీ లోపలికి తొంగి చూశాడు. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. ఒక వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు. నూనె జిడ్డు లేదు. మూత బిగించి, వంగి, కింది పైపును పిండాడు. పగుళ్ళు లేవు, మెత్తబడలేదు. బెల్టును నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కిందటిసారీ ఇంతే, అంతకుముందూ ఇంతే.

ఇరవై రెండేళ్ళ కారది. తెల్లరంగు వెలిసి మీగడ రంగుకి తిరిగింది. సీటు తొడుగులు చిరిగినచోటల్లా సన్నటి కుట్లు, అచ్చు మిషను మీద వేసినట్టు ఉంటాయి. కారు గలావిడ బడిపిల్లలకి ముప్పై ఏళ్ళు కుట్టుపని నేర్పిన టీచరమ్మ. వారానికి మూడుసార్లు భర్తని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తెచ్చుకోవడానికే కారు నడుపుతుంది. రెండు నెలల్లో ఇది నాలుగోసారి షెడ్డుకి రావడం. ప్రతిసారీ ఒకటే మాట: "వేడెక్కిపోతోంది మేస్త్రీ. రోజూ కాదు, ఒక్కోసారి."

మొదటిసారి నీళ్ళు నింపి పంపాడు. రెండోసారి థర్మోస్టాట్ మార్చాడు. మూడోసారి రేడియేటరు విప్పి కడిగించాడు. విప్పింది బిగించాక ఇంజను వేసి ఇరవై నిమిషాలు లోపల కూర్చునేవాడు. అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఇంజను వేడి చూపే ముల్లు వంక చూస్తూ. రేకుల కింద రోజంతా ఉడికే మనిషికి ఆ ఇరవై నిమిషాలే సుఖం. ముల్లు సగం దగ్గర నిలబడేది. దిగి వచ్చి, "పర్లేదమ్మా, తీసుకెళ్ళండి" అనేవాడు.

పర్లేదన్నది మొదట్లో అతని ఊతపదం. తర్వాత తర్వాత పేరే అయి కూర్చుంది. షెడ్డులో అందరూ 'పర్లేదు మేస్త్రీ' అనే అంటారు. యాభై ఎనిమిదేళ్ళ బతుకు ఆ ఒక్క మాట మీదే గడిచింది. ఒకప్పుడు అతనికి సొంత షెడ్డుండేది. స్థలం యజమాని కాగితం మళ్ళీ రాసుకుందామంటే, పర్లేదు తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత అక్కడ మందుల దుకాణం లేచింది. భార్య కుడిచెవి పోటు అంటే, పర్లేదు అదే తగ్గుతుంది అన్నాడు. పోటు తగ్గింది, వినికిడి దానితోపాటే పోయింది. ఆవిడ ఇప్పుడు భోజనాల దగ్గర ఆ చెవినే అతని వైపు పెట్టుకుని కూర్చుంటుంది. సొంత షెడ్డు పోయాక అతను బావమరిది షెడ్డులో చేరి తొమ్మిదేళ్ళయింది.

ఆ పొద్దున టీచరమ్మ కారు వదిలి, తాళాలు చేతికిచ్చి, వెంటనే కదల్లేదు. వెనకే టాక్సీ ఆగి ఉంది. అందులో ఆవిడ భర్త అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"పోయినవారం వంతెన మీద ఆగిపోయింది" అంది. "ఒకటే ఆవిర్లు. ఎండలో గంటన్నర కూర్చున్నాం. మీరు పర్లేదన్నారు కదా అని నేను ధైర్యంగా తీసుకెళ్ళాను."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

"ఈసారి తేల్చేస్తానమ్మా" అన్నాడు మేస్త్రీ మెడ రుద్దుకుంటూ.

టాక్సీ వెళ్ళాక బావమరిది వచ్చి బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఈ డొక్కుతో ఇంకెన్నాళ్ళు కుస్తీ పడతావు బావా? ఇంజను హెడ్డు పోయిందని చెప్పు. పాత ఇనుముకి తోలేసుకుంటుంది."

"హెడ్డు పోలేదురా."

"మరేం పోయింది?"

మేస్త్రీ మళ్ళీ బెల్టు నొక్కి చూశాడు. బావమరిది నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక బస్సు ఇంజను దగ్గర ఎవరో, "పర్లేదు మేస్త్రీ చేతిలో పడ్డాక అది ఎక్కడికీ పోదులే" అన్నారు. ఇంకెవరో నవ్వారు. అతనూ నవ్వాడు. తొమ్మిదేళ్ళుగా అలవాటైన నవ్వు.

ఇంజను వేసి కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు. ముల్లు కదల్లేదు. సంత వీధి మీదుగా రెండు చుట్లు తిప్పాడు. ముల్లు కదల్లేదు. తిరిగి వచ్చి, కారును రేకుల నీడలో ఆపి, ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. ఏసీ గాలి గుండెల మీదికి కొడుతోంది. పన్నెండు దాటింది. ఇంకేం చెయ్యాలో తోచక ఫోను తీశాడు.

"అమ్మా, మేస్త్రీని. ఇది ఎప్పుడెప్పుడు వేడెక్కుతోందో కాస్త గుర్తు చేసుకుని చెప్తారా?"

నాలుగుసార్లలో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"వచ్చేటప్పుడు మాత్రమే" అందావిడ వెంటనే. "వెళ్ళేటప్పుడు ఒక్కనాడూ కాలేదు."

"రెండుసార్లూ అదే రోడ్డా?"

"అదే రోడ్డు, అదే వంతెన. నడిపేదీ నేనే."

"మరి తేడా ఏమైనా ఉంటుందా? సామానేమన్నా ఎక్కిస్తారా?"

అటునుంచి ఏదో మిషను మోత వినిపించింది.

"సామానేం లేదు. వచ్చేటప్పుడు ఆయనకి చలి. రక్తమంతా బయట తిరిగి వస్తుంది కదా, వణికిపోతారు. ఏసీ ఆపేసి, అద్దాలు ఎక్కించి, దుప్పటి కప్పుతాను. నేను చెమటతో తడిసిపోతాననుకోండి. తేడా అంటే అంతే."

ఫోను పెట్టేశాక మేస్త్రీ చాలాసేపు ఏసీ మీట పక్కన వెలుగుతున్న చిన్న ఆకుపచ్చ దీపం వంక చూశాడు.

ఆ రకం కార్లలో ఏసీ వేస్తే రేడియేటరు ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది, వేడితో పని లేకుండా. ఏసీ ఆపితే మాత్రం రేడియేటరు పక్కనున్న చిన్న స్విచ్చి వేడిని పసిగట్టి ఫ్యానుని లేపాలి. ఇది అతనికి కొత్తగా తెలిసిన సంగతి కాదు. పనిలో చేరిన రెండో ఏడే నేర్చుకున్నాడు. ఇంత తెలిసీ నాలుగుసార్లూ చల్లగా కూర్చుని పరీక్ష చేశాడు.

మీట నొక్కాడు. దీపం ఆరింది. గాలి ఆగింది. చొక్కా వీపుకి అంటుకోవడం మొదలైంది. పదకొండో నిమిషంలో ముల్లు సగం దాటింది. పదమూడుకి ముప్పాతిక. ఫ్యాను చప్పుడు లేదు. దిగి, బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో ఆ స్విచ్చి మీద చిన్నగా కొట్టాడు. ఫ్యాను గయ్‌మని లేచింది. మళ్ళీ కొట్టాడు. ఆగిపోయింది.

తీగల కొస లాగి చూస్తే ఇత్తడి ముక్కలకి పచ్చటి చిలుము పట్టి ఉంది. ఫ్యానుకి కరెంటు ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు.

బావమరిది వచ్చి ఆ స్విచ్చిని అరచేతిలో వేసుకుని ఎగరేసి పట్టుకున్నాడు. "బొటనవేలంత లేదు. దీనికోసమా ఇంత తతంగం? పోన్లే బావా, దొరికిందిగా. పర్లేదు."

ఈసారి మేస్త్రీ నవ్వలేదు.

కొత్త స్విచ్చి తెచ్చి బిగించాడు. చిలుము పట్టినంత మేరా తీగ కోసేసి కొత్తది అతికాడు. చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా కారెక్కి, ఏసీ ఆపి, నాలుగు అద్దాలూ పైకెక్కించి, ఆసుపత్రి రోడ్డు పట్టాడు. మూడు గంటల ఎండ. వంతెన మీద బళ్ళు అంగుళం అంగుళం జరుగుతున్నాయి. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి దిగి మండింది. అద్దం దించలేదు. ముల్లు సగం దాటబోయిన ప్రతిసారీ ముందు ఫ్యాను లేచేది, ముల్లు వెనక్కి వచ్చేది. నాలుగుసార్లు అలా జరిగాక అతనికి లోలోపల ఏదో తేలికైంది. ఎన్నేళ్ళయిందో పనిలో ఇలాంటి తేలిక ఎరిగి! నాలుగింటికి డయాలసిస్ అయిపోతుంది. కారు గుమ్మం ముందే పెడతాడు. టీచరమ్మ టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడనక్కర్లేదు. దుప్పటి కప్పినా, అద్దాలు ఎక్కించినా భయం లేదని తనే చెప్తాడు.

ఆవిడ ఆసుపత్రి గోడ వారన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. చేతిసంచి ఒళ్ళో ఉంది. ఒక కాలికే చెప్పుంది, రెండోది బల్ల కిందికి పోయింది.

"నేనేనమ్మా. దొరికింది. కారు ఇక్కడికే తెచ్చేశాను. సారుని ఇందులోనే తీసుకెళ్ళిపోవచ్చు."

ఆవిడ తలెత్తి, అతనెవరో గుర్తుపట్టడానికి కొంచెం సేపు తీసుకుంది.

"మిషను మీద ఉండగానే పోయారు మేస్త్రీ. మీరు ఫోను చేసిన గంటకి."

మేస్త్రీకి అలవాటుగా వచ్చే ఆ ఒక్క మాట ఇక్కడ చెల్లదు. వంగి, బల్ల కింది చెప్పు తీసి ఆవిడ కాలి దగ్గర పెట్టాడు.

"మా తమ్ముడొస్తున్నాడు" అంది. "ఆసుపత్రి బండి మాట్లాడాడట." తర్వాత, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగినట్టు, "ఏంటట కారుకి?"

చిన్న స్విచ్చి అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఇంకేమీ అడగరు.

"స్విచ్చమ్మా. ఏసీ వేస్తే ఆ లోపం బయటపడదు. నేను ప్రతిసారీ ఏసీ వేసుకునే చూశాను, చల్లగా ఉంటుందని."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. నూనె మరకల చొక్కాని, తడిసి అంటుకున్న జుట్టుని, నల్లటి గోళ్ళని, అన్నిటినీ.

"ఆ రోజు వంతెన మీదే పట్టుకుంది ఆయనకి దగ్గు" అంది. "మళ్ళీ తగ్గలేదు."

పర్లేదులే మేస్త్రీ, మీరు మాత్రం ఏం చేస్తారు, అని ఆవిడ అంటుందేమోనని అతను నిలబడి ఎదురుచూశాడు. ఆవిడ అనలేదు. తమ్ముడు కాబోలు, నెరిసిన జుట్టాయన పరుగులాంటి నడకతో వచ్చి, "అక్కా" అని భుజం పట్టుకుని లేపాడు. నాలుగడుగులు వేశాక ఆవిడ వెనక్కి తిరిగింది.

"కారు మీ షెడ్డులోనే ఉంచండి. నాకిప్పుడు వెళ్ళి రావాల్సిన చోటేం లేదు."

గాజు తలుపులు వాళ్ళ వెనక మూసుకున్నాయి.

మేస్త్రీ వచ్చి కార్లో కూర్చున్నాడు. అద్దాలు దించాలని గాని, ఇంజను వెయ్యాలని గాని తోచలేదు. ముఖం తుడుచుకుందామంటే చేతులు మురికి. గుడ్డ ఏదైనా ఉంటుందేమోనని పక్కసీటు ముందున్న అర తెరిచాడు. గుడ్డ లేదు. అట్టముక్క ఒకటి జారి సీట్లో పడింది. డయాలసిస్ తేదీలు వేసే పాత కార్డు. వెనకవైపు పెన్సిలుతో గీతలు కొట్టి, గళ్ళు చేసి, సన్నటి నిలువు అక్షరాలతో వరసగా రాసి ఉంది. తేదీ. టైము. వెళ్ళేటప్పుడు, ఏసీ ఉంది, ముల్లు సగం. వచ్చేటప్పుడు, ఏసీ లేదు, ముల్లు ముప్పాతిక. వచ్చేటప్పుడు, ఏసీ లేదు, ముల్లు ఎరుపు. పదకొండు వరసలు, ఒక్క కొట్టివేత లేకుండా. సారు ఉద్యోగమంతా ఇంటింటి నీటి మీటర్లు చదివి రాసుకొచ్చారని టీచరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ చెయ్యే ఇది. మొదటి తేదీ రెండు నెలల కిందటిది. అన్నిటికీ అడుగున, కింద గీత గీసి, ఒక ముక్క రాసి ఉంది: 'మేస్త్రీ అడిగితే చెప్పాలి.'

కార్డు మూలకి చిల్లి పొడిచి, నీలం దారంతో చిన్న పెన్సిలు ముక్క కట్టి ఉంది. దాని మొన పదునుగా చెక్కి ఉంది.